న్యూట్రల్‌లో పెట్టిన బండి

పట్నంలో పికప్ బండికి చోటు లేదు. కార్లకు ఉంది. కుక్కల్ని తిప్పుకోవడానికి ఉంది. ఎవరూ కూర్చోని సిమెంటు బెంచీలకు కూడా ఉంది. వెనక తొట్టి ఉన్న బండి కనబడితే మాత్రం ప్రతి వాచ్‌మనూ ఈల వేస్తాడు. ఆ తొట్టిలో వచ్చిన బియ్యం, మామిడికాయ, గుడ్డ పట్నంవాళ్లకు కావాలి. దాన్ని తెచ్చిన బండి మాత్రం దించిన మరుక్షణం మాయమైపోవాలి.

నేను బడికి పోయినవాణ్ణి కాను. లారీ మీద క్లీనరుగా ఉన్నప్పుడు మైలురాళ్లు చూసి తెలుగు నేర్చుకున్నాను. రాయచూరు వైపు పోతూ నాలుగు కన్నడ ముక్కలు, నంబరు ప్లేట్లు చూసి ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నాను. ఆ తర్వాత కనబడిన కాగితమల్లా చదివాను. కాబట్టి, బోర్డు చదవడం చేతకాక ముసలాయన తప్పు చోట బండి పెట్టాడని నన్ను అనడానికి లేదు. ఆ రోజు సరిగ్గా ఆ మాటే అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మొన్నటి వానాకాలం సంగతి. గద్వాలలో మా సందులోనే ఒక నేతగత్తె ఉంది. నన్ను పెద్దనాయినా అని పిలుస్తుంది. ఆమెకు పట్నంలో జరిగే చేనేత ప్రదర్శనలో కూర్చుని నేసి చూపించమని పిలుపు వచ్చింది. మగడు నడుం నొప్పితో లేవలేక ఉన్నాడు. మగ్గం మీద ఇద్దరూ కలిసి సగం దాకా నేసిన చీర ఉంది, నూలు ఒళ్లు, పట్టు అంచు. దాన్ని తీసుకుపోయి, మిగతా సగం అక్కడ జనం ముందు నేసి, అది చూపించి ఆర్డర్లు తెచ్చుకోవాలని ఆమె ఆశ. ఇంట్లో ఆ ఒక్క చీరే నడుస్తోంది. అది పాడైతే మళ్లీ మొదటినుంచి పడుగు పోసుకోవాల్సిందే.

సగం నేసిన చీరను మోయడమంటే మూట మోయడం కాదు. నేసినంత మేర ఒక కర్రకు చుట్టి ఉంటుంది. ఇంకా నేయాల్సిన నిలువు దారాలు, వాటినే పడుగు అంటాం, ఇంకో కర్రకు చుట్టి ఉంటాయి. రెంటి నడుమ దువ్వెన లాంటి అచ్చు, దాని సందుల్లోంచి ఒక్కొక్క దారం. దేన్నీ విడదీయకూడదు. మనిషి బారకన్నా వెడల్పు. బస్సులో పట్టదు, నా క్యాబిన్లో పట్టదు. తొట్టిలో బొంత పరిచి, పాత ధోవతి కప్పి, మగ్గం కర్రల నడుమ పసిబిడ్డను పండబెట్టినట్టు పండబెట్టింది.

"తాడిపత్రి కప్పుదామా బిడ్డా?" అన్నాను.

"ఒద్దు పెద్దనాయినా. ఎండకు లోపల ఆవిరి పడ్తది. గంజి మెత్తబడి దారాలు ఒకదానికొకటి అంటుకపోతయి. మొగులైతే అప్పుడు కప్పుదం."

సరే అని తాడిపత్రి, అంటే టార్పాలిన్ పట్టా, మడిచి సీటు కింద పెట్టాను. కొత్తకోట, జడ్చర్ల దాటి పట్నం పొలిమేర దాకా ఒక్క కుదుపు తగలకుండా తెచ్చాను. పొలిమేర నుంచి మొదలైంది. ఈ రోడ్డులో సరుకు బండ్లు పోవద్దంటాడొకడు. మరి ఏ రోడ్డులో పోవాలంటే తెల్వదంటాడు. ఆమె ఫోనులో ఒక ఆడగొంతు ఎడమకు తిరగమంటుంది, తిరిగితే అది వంతెన మీదికి ఎక్కిస్తుంది, దిగేసరికి వచ్చిన దారిలోనే ఉంటాం. నేను వేరుశనగ బస్తాలతో ఇదే ఊరికి వచ్చిన రోజులు గుర్తున్నాయి. చాయ హోటలు ముందర బండి ఆపితే హోటలాయనే వచ్చి వెనక్కి, వెనక్కి అని చెయ్యి ఊపి పెట్టించేవాడు. ఆ హోటలు ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. దాని ముందు నల్ల కళ్లద్దాల మనిషి ఉన్నాడు.

"ఏయ్ తాతా, బండి తియ్యి, తియ్యి!"

"ఆపనే లేదు కదరా, ఇంక తీసేదేంది?"

"ఆపుతవని తెలుసు."

ఆపకముందే తీయమనే ఊరు అది.

ప్రదర్శన జరిగే చోటు దొరికింది. గేటు దగ్గర కాపలావాడు సరుకు బండి లోపలికి రావాలంటే ఫలానా సారు చెప్పాలన్నాడు. ఆ సారు ఎక్కడున్నాడో వాడికి తెలియదు. ఎదుటి పక్క గోడ వెంబడి బండ్లు పెట్టుకోవచ్చని బోర్డు ఉంది. రెండు భాషల్లో ఉంది, రెంటినీ చదివాను. గీత లోపల, గోడకు ఆనించినట్టు బండి పెట్టాను. ఆకాశం తేటగా ఉంది. మా ఇద్దరిలో ఒకరు బండి దగ్గర ఉండాల్సింది కదా అంటారు. ఆమెకు సారును అడిగి మాట్లాడటం భయం, నాకు ఆమెను ఒంటరిగా పంపడం ఇష్టం లేదు. ఇద్దరం పోయాం.

పోయేముందు బండిని మా దగ్గర పెట్టినట్టే పెట్టాను. అంటే న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేయకుండా, చక్రం కింద చిన్న రాయి పెట్టి, క్యాబిన్ అద్దం చెయ్యి పట్టేంత దించి.

పట్నంవాళ్లకు ఇది పిచ్చితనంగా కనబడుతుంది. వనపర్తి మార్కెట్ యార్డులో పల్లికాయ దిగే రోజుల్లో బండి వెనక బండి, దాని వెనక బండి నిలబడి ఉంటాయి. లోపలి బండివాడు బయటికి పోవాలంటే ముందున్న బండ్లు జరగాలి. వాళ్ల డ్రైవర్లు ఎక్కడో అన్నం తింటుంటారు. అందుకని ఎవరూ గేరులో పెట్టరు, ఎవరూ బ్రేకు వేయరు. కావలసినవాడు రాయి తీసి, అద్దంలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు తిప్పుకుంటూ తోసుకుంటాడు. తన బండి బయటపడ్డాక, తోసిన బండిని మళ్లీ దాని చోటికే తోసి, రాయి పెట్టి పోతాడు. అది ఎవరూ రాయని చట్టం. నాగర్‌కర్నూల్‌లో అంతే, గద్వాల సంతలో అంతే. బ్రేకు వేసి పోయినవాణ్ణి పదిమందిలో బూతులు తిడతారు. నేనూ తిట్టాను.

సారు దొరికి, ఆయన సంతకం దొరికి, బయటికి వచ్చేసరికి మొగులు కమ్మింది. మా బండి లేదు. అది ఉన్నచోట పెద్ద తెల్లకారు ఉంది. కారు డ్రైవరు ముందు సీటు వాల్చుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"తమ్మీ, ఈడ నా బండి ఉండాలె."

"అది నీదా? జర ముందటికి నూకినం."

"ఎందుకు?"

"మా సారు కారు ఎండల పెట్టనియ్యడు. ఈడ నీడుంది."

"మరి మళ్ల దాని జాగల ఎందుకు పెట్టలే?"

వాడు నా మొహం చూసి నవ్వాడు. "మళ్ల పెట్టుడేంది తాతా? దాని జాగల మా కారుంది గదా!"

ముందుకు చూపించాడు. అక్కడ బండ్లు నిలపరాదని బోర్డు ఉంది. దాని కింద నేల ఖాళీగా ఉంది. పక్కన చెప్పులు కుట్టే ఆమె తలెత్తకుండానే చెప్పింది. "క్రేన్ బండొచ్చి ఎత్తుకపాయె. పోలీస్ స్టేషన్ ఎనక ఖాళీ జాగల పెడ్తరు. జల్ది పోన్రి, వానొస్తున్నది."

ఆటోలో పోతున్నంత సేపూ ఆమె బయటికి తల పెట్టి పైకి చూస్తూ కూర్చుంది. నేను మాత్రం ఆ డ్రైవర్ని, వాడి సారును, వాడి నీడను తిడుతూనే ఉన్నాను.

ఆ ఖాళీ జాగాకు ముళ్లకంచె, తడికె గేటు, గేటుకు ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్న మనిషి. లోపల మా బండి కనబడుతోంది. ధోవతి కనబడుతోంది. మొదటి చినుకు నా చేతి మీద పడింది.

"సారు లేడు. అన్నానికి పోయిండు. వచ్చినంక జుర్మానా కట్టి తీస్కపోన్రి" అన్నాడు కుర్చీ మనిషి.

"బండి తర్వాత తీసుకుంటం. మీద తాడిపత్రి కప్పొస్తం, గంతే. ఇగో తాళం చెవి."

"సారు రానిది బండి మీద చెయ్యి పెట్టనియ్య."

"నా పడుగు తడుస్తది అన్నా" అన్నది ఆమె. "నీ కాళ్లు మొక్కుత. జర గేటు తియ్యి."

"పడుగంటే ఏంది?"

ఆమె చెప్పబోయింది. చినుకులు గట్టిపడ్డాయి. నేను నా హక్కు ఏమిటో, ఎవడు తోశాడో, ఏ బోర్డు కింద నేను పెట్టానో, ఏ బోర్డు కిందికి వాళ్లు తోశారో వాడికి విడమరచి చెబుతున్నాను. వాడు కుర్చీని రేకు కిందికి జరుపుకున్నాడు. ఆ జరుపుకునే సందులో ఆమె వాణ్ణి భుజంతో ఒక్క నెట్టు నెట్టి గేటు దాటింది. తాళం చెవి నా చేతిలోనే ఉండిపోయింది. క్యాబిన్ దాకా పోయి తలుపు గుంజి, అద్దంలోంచి చెయ్యి పెట్టినా లోపలి గడియ అందక ఇటూ అటూ చూసింది. కంచెకు ఎవరో నాయకుడి ఫ్లెక్సీ కట్టి ఉంది, నిలువెత్తు మనిషి, చేతులు జోడించి, పండుగ శుభాకాంక్షలు. ఆమె దాన్ని ఒక మూల పట్టి లాగింది. తాడు తెగింది. ఇంకో మూల తెగింది. మొత్తం ఫ్లెక్సీ ఊడబెరికి, తొట్టి మీదికి ఎక్కి, ధోవతి మీద పరిచి అంచుల మీద తాను కూర్చుంది.

కుర్చీ మనిషి అప్పుడు పరుగెత్తాడు. బండి కోసం కాదు.

"ఓ అక్కా, నీకు దండం పెడ్త, అన్న ఫ్లెక్సీ అది! దాని మీద కూసోకు! ఎవరన్న చూస్తే నా నౌకరి పోతది!"

"మీ అన్న ఇన్నొద్దులల్ల చేసిన పని గిదొక్కటే. కూసోనియ్యి" అన్నది ఆమె వానలోంచి.

సారు వచ్చేసరికి వాన వెలిసింది. పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. నేను మొత్తం చెప్పాను. తెల్లకారు నంబరు చెప్పాను.

"అయితే నీ బండి బోర్డు కింద లేదంటవా?"

"ఉండె. నేను పెట్టలే."

"పెద్దమనిషీ, బండికి బ్రేకు వేసుకోవాలని తెల్వదా? చదువుకున్నవా?"

"చదువుకున్న. తోసినోడు మళ్ల పెట్టాలె, గది మా దగ్గర అందరికీ తెలుసు."

"ఇది మీ దగ్గర కాదు. ఇక్కడ చదువు రానోళ్లు బండ్లు నడుపుడే తప్పు" అని నవ్వి జుర్మానా కాగితం చింపి ఇచ్చాడు. తెల్లకారు సంగతి తన కిందికి రాదన్నాడు. కట్టేశాను. ఆ కాగితంలో రెండు తప్పులున్నాయి, ఊరి పేరు ఒకటి, ఇంకోటి నా ఇంటిపేరు.

ఆమె ఫ్లెక్సీ తీసి, ధోవతి తొలగించి, పడుగు మీద అరచెయ్యి పెట్టింది. మీద చుట్లు తడిసి ఉన్నాయి. వేలితో దువ్వింది. దారాలు విడిపోలేదు, జిగురుగా కలిసి లేచాయి. చెయ్యి తీసి తన కొంగుకు తుడుచుకుంది. ఫోను మోగింది. ప్రదర్శనవాళ్లు. ప్రారంభోత్సవానికి పెద్దలు వచ్చేశారట, ఎక్కడున్నారని.

"తడిసింది సార్. ఆరబెట్టి, పొడుగ్గా గుంజి, దువ్వి, మళ్ల గంజి పెట్టాలె. జర పొడుగు జాగ ఇయ్యున్రి, రెండిండ్ల పొడుగు ఉంటే సాలు."

అవతల గొంతు నాకూ వినబడుతోంది. "పొడుగు జాగా ఎక్కడుందమ్మా? ఉన్నదంతా పార్కింగే. మీరు వచ్చి కూర్చోండి, ఊరికే నేస్తున్నట్టు చేయండి, ఫొటోలకు చాలు."

ఆమె ఫోను పెట్టేసింది. "పోదం పా పెద్దనాయినా" అన్నది. నేను బండిని గద్వాల దారి పట్టించాను.

తెల్లారి మా సందులో ఈ చివర నుంచి ఆ చివరకు పడుగు గుంజారు. ఆమె మగడు నడుం పట్టుకునే లేచి వచ్చి గంజి దువ్వే కుంచె పట్టాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పక్కల నిలబడి దారాలు విడదీశారు. నేనూ ఒక కొస పట్టుకున్నాను. తెగినవి ముడివేశారు. నా చేతులకు గంజి వాసన అంటుకుంది. నా కోపం మాత్రం దిగలేదు, ఇప్పటికీ దిగలేదు.

ఆ చీర పూర్తయింది. ప్రతిసారీ వాళ్ల చీరలు కొనే షావుకారు దగ్గరికి ఆమె నన్ను కూడా రమ్మంది. షావుకారు చీరను పరుపు మీద పరిచి, కొంగు నుంచి చెయ్యి జార్చుకుంటూ వచ్చాడు. తడిసిన మేర దగ్గర వేలు ఆగింది. వెనక్కి తెచ్చి మళ్లీ జార్చాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"ఈడ గరుకుంది. ఏమైందమ్మా?"

"వాన పడ్డది."

"మగ్గం మీదున్న చీర మీద వానెట్ల పడ్తది?"

నేను చెప్పాను, తోసినవాణ్ణి, ఎత్తుకుపోయినవాణ్ణి, అన్నానికి పోయినవాణ్ణి, ఎవ్వరినీ వదలకుండా. షావుకారు విన్నాడు, పొట్ట ఊగేటట్టు నవ్వాడు, నాకు చాయ చెప్పాడు. ఆ తర్వాత చీరను మడిచి, దాన్ని మంచి చీరల దొంతరలో కాకుండా, కింద ఇంకో పక్కన, మచ్చలు పడినవి, పోగులు లేచినవి వేసేచోట పెట్టాడు.

ఆమె లేచి వంగి దాన్ని ఆ కుప్పలోంచి తీసుకుంది.

"అమ్మవా?" అన్నాడు షావుకారు.

"ఆ జాగలయితే అమ్మను" అన్నది. చీర చంకన పెట్టుకుని మెట్లు దిగింది. చాయ ముట్టకుండా నేనూ వెనకే దిగాను.