అడగక్కర్లేని గోత్రం

పోయిన నెలలో మా ఒక్కగానొక్క తమ్ముడు కాలం చేశాడు. ఉదయం దీపం వెలిగిస్తుంటే బందరు నుంచి మరదలు ఫోన్ చేసింది. “వదినా, ఆయన లేవట్లేదు” అంది. నేను బస్సు దిగి వెళ్లేసరికి వీధిలో కుర్చీలు వేసి ఉన్నాయి.

మా నలుగురిలో నేను పెద్దదాన్ని. వాడికి అక్షరాలు దిద్దించింది నేను. చివరికి నాకు పాఠం చెప్పింది వాడు.

గుడివాడలో నేను లెక్కలు చెప్పే కాలేజీలో, ప్రోగ్రామింగ్ కూడా చెప్పగలిగినవాళ్లనే ఉంచుతామన్నారు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. యాభై దాటిన వయసు. భగవంతుడి మీద భారం వేసి, నేర్పమని తమ్ముణ్ణి అడిగాను. బందరు కాలేజీలో వాడు చెప్పేది అదే. ఆదివారాలు వచ్చేవాడు. కాఫీ చల్లారాకే తాగేవాడు. కీబోర్డు మాత్రం ముట్టేవాడు కాదు, అన్నీ నా చేతే కొట్టించేవాడు.

ఫంక్షన్‌కీ మెథడ్‌కీ తేడా నాకు ఎంతకీ ఎక్కలేదు. వాడు విసుక్కోలేదు.

“గుళ్లో అర్చనకి వెళ్తే ఏమడుగుతారక్కా?”

“గోత్రం, పేరు.”

“అది ఫంక్షన్. కావలసినవన్నీ మనమే అందించాలి. మనింటి పంతులుగారు అడుగుతారా?”

“ఎందుకడుగుతారు? ఆయనకి తెలుసుగా.”

“అది మెథడ్. ఏ ఇంట్లో కూర్చుంటే ఆ ఇంటి గోత్రం చెప్తారు. మంత్రం అందరికీ ఒకటే.”

ఆ ఇంటిని ప్రోగ్రాములో సెల్ఫ్ అంటారనీ, గోత్రం, పేరు దాని ఆట్రిబ్యూట్లనీ, అంటే దాన్ని అంటిపెట్టుకున్న వివరాలనీ తర్వాత చెప్పాడు.

ఒకసారి విద్యార్థి వివరాల్లో ఊరు మార్చే మెథడ్ రాశాను. నడిపితే పాత ఊరే వచ్చింది. ఇప్పుడేగా మార్చానని కసురుకున్నాను. వాడు నవ్వాడు. “సెల్ఫ్ అని రాయలేదు నువ్వు. ఆ ఊరు మెథడ్ నడిచినంతసేపే ఉంది. మనిషికి అంటలేదక్కా.”

నన్ను ఉంచాలా వద్దా తేల్చడానికి ప్రిన్సిపాల్ గారి ఎదుట పాఠం చెప్పించిన రోజు మళ్లీ అదే తప్పు చేశాను. వెనక బెంచీల్లో నవ్వులు. ఎక్కడ తప్పిందో చెప్పమని పిల్లలనే అడిగాను. ఒక్కొక్క వరసా చదివి వాళ్లే పట్టుకున్నారు. ఉద్యోగం నిలిచింది. ఆ సంగతి ఫోన్లో చెబితే, “తప్పు కూడా పాఠంలో కలిపేశావన్నమాట. గడుసుదానివే” అన్నాడు.

కర్మలయ్యాయి. హంసలదీవిలో అస్థికలు కలిపి వచ్చాం. ఒంట్లో ఓపిక లేదు. ఇంకొన్నాళ్లు సెలవు పెట్టమని చెల్లెళ్లు అన్నారు. కొత్త పిల్లలకు ఈ పాఠం మొదలవ్వాలి. చెప్పేదాన్ని నేనే.

నిన్న వెళ్లాను. గుళ్లో అర్చనకి వెళ్తే ఏమడుగుతారని పిల్లల్ని అడిగి, సగంలో ఆగిపోయాను. బోర్డు వైపు తిరిగి కాసేపు నిలబడ్డాను. కిటికీ అవతల చేపల చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ తిరుగుతోంది. అది చిమ్మిన నీళ్లు ఎండలో తెల్లగా లేచి, మళ్లీ చెరువులోనే పడుతున్నాయి.