ఎర్ర గీత దాకా

పుట్టడమే ఉలిక్కిపడుతూ పుట్టిందని ఆమె గురించి ఇంట్లో చెప్పుకునేవారు. కుక్కర్ కూతేస్తే వంటింట్లోంచి పరుగు, బెలూన్ కనిపిస్తే రెండు చెవులకీ అరచేతులు. అన్నకి పెళ్ళయి ఇంటికొచ్చిన వదిన, వారం తిరక్కుండానే ఆమెకు ‘పిట్టగుండె’ అని పేరు పెట్టేసింది. ఆ పేరు ఎంత బాగా అతికిందంటే, కొన్నాళ్ళకి సొంత అన్న కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

అలాంటి మనిషి కార్ల సర్వీసు సెంటర్లో పనికి కుదిరిందంటే నవ్వు రాక ఏమొస్తుంది? కానీ భయస్తులకుండే సుగుణం ఒకటి ఆమెకుంది. బండిని గోడకి జానెడు దూరంలో పెట్టమంటే, చిన్న గీత కూడా పడకుండా పెట్టేది. జనం వదిలి వెళ్ళిన బళ్ళని లోపలికీ బయటికీ నడపడమే ఆమె ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఒక్క అద్దం పగలలేదు. అందుకే కంపెనీ నుంచి ఆ కొత్త పరీక్ష వచ్చినప్పుడు, ఫోర్‌మన్ ఇంకెవరి వైపూ చూడకుండా తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పాపం, ఆయన మంచికే అనుకున్నాడు.

పరీక్ష సంగతి ఇదీ. ఒక రకం ఎస్‌యూవీ ఇంజన్లలో వాల్వులు పెళుసుగా వచ్చాయట. బండి పరుగెడుతుండగా ఒక్క వాల్వు విరిగి లోపల పడితే చాలు, ఇంజన్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. కొండ మలుపులోనో, వెనక లారీ తరుముకొస్తుండగానో అలా ఆగిపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకని బండిని షెడ్డులో నిలబెట్టి, ఇంజన్ వేగం చూపే మీటరు ముల్లు ఎర్ర గీతని తాకేదాకా యాక్సిలరేటర్ తొక్కి కాసేపు అలాగే పట్టుకోవాలి. వదిలి మళ్ళీ తొక్కాలి. విరిగే వాల్వు షెడ్డులోనే విరుగుతుంది, తట్టుకున్న బండి రోడ్డెక్కుతుంది.

మొదటిరోజే ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. తొక్కేకొద్దీ సీటు అదిరేది, స్టీరింగు చేతుల్లో వణికేది, తన కాళ్ళ ముందే ఏదో పేలిపోతుందనిపించేది. ముల్లు గీత దగ్గరికి వస్తుండగా కళ్ళు గట్టిగా మూసుకునేది. తెరిచేసరికి ముల్లు కిందికి దిగుతూ ఉండేది. తాకే ఉంటుందిలే అనుకునేది. “అయిందా?” అని ఫోర్‌మన్ బయటి నుంచి కేకేస్తే, “అయిందండీ” అనేది. అది అబద్ధమని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు.

వదినదీ అదే రకం బండి. ఓ పొద్దున దాన్ని పరీక్షకి తెచ్చింది. “మా పిట్టగుండె చూసిందంటే ఇంక దిగులేముందండీ! చీమంత అనుమానమున్నా బండి వదలదది” అని ఫోర్‌మన్‌తో చెప్పి పకపకా నవ్వింది. పరీక్ష అయింది. ఇద్దరాడపిల్లల్నీ వెనక సీట్లో కూచోబెట్టుకుని, కొండ అవతల ఉన్న పుట్టింటికి బయల్దేరింది.

మధ్యాహ్నం ఆమె వెనక గదిలో అన్నం డబ్బా మూత తీస్తుంటే, తర్వాతి బండికి ఆలస్యమవుతోందని ఫోర్‌మన్ తానే ఎక్కి తొక్కాడు. ఆ మోతకి కిటికీ అద్దాలు గడగడలాడాయి. అలవాటుగా ఆమె చేతులు చెవుల మీదికి పోయాయి. మోత ఆగలేదు, ఇంకా పెరిగింది. చేతులు మెల్లగా జారిపోయాయి. తను తొక్కినప్పుడు ఇంత మోత ఎప్పుడు వచ్చింది? ఏ బండికి వచ్చింది?

ఫోన్ తీసి వదినకి కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. నడుపుతోందన్నమాట. మళ్ళీ కొట్టింది. వెనక సీట్లోని ఇద్దరు పిల్లలూ కళ్ళ ముందు మెదిలారు.

“ఏంటే పిట్టగుండే?”

“వదినా! ఎక్కడున్నావు?”

“కొండ కింద. పిల్లలకి దాహమంటే నీళ్ళు కొన్నాను. ఇదిగో, ఎక్కబోతున్నాం.”

“ఎక్కొద్దు. బండి కదిలించకు.”

“మొదలెట్టావా తల్లీ! పోయినసారి టైర్లు, అంతకుముందు బ్రేకులు. నీ మాట వింటే గడప దాటక్కర్లేదు.”

“ఈసారి అలా కాదు వదినా...”

“ప్రతిసారీ అంతే అంటావు. ఊరు చేరాక మాట్లాడతాను.” ఫోన్లో ఇంజన్ స్టార్టయిన చప్పుడు వినిపించింది.

“నేను సరిగ్గా తొక్కలేదు వదినా!” ఆమె గొంతు చించుకుని అరిచింది. “భయమేసి మధ్యలోనే కాలు తీసేశాను. నీ బండికి పరీక్షే జరగలేదు!”

చేతులు తుడుచుకుంటూ అప్పుడే లోపలికి వచ్చిన ఫోర్‌మన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఫోన్లో ఇంజన్ ఆగింది. “దిగండమ్మా, ఇద్దరూ దిగండి” అని వదిన పిల్లలతో అంటోంది. ఆ గొంతులో నవ్వు లేదు.

సాయంత్రానికి బండిని లారీ మీద వేసుకొచ్చి షెడ్డులో దింపారు. వదిన పిల్లల్ని చెరో పక్కనా పట్టుకుని దూరంగా నిలబడింది. “నేను తొక్కనా?” అన్నాడు ఫోర్‌మన్. ఆమె తల అడ్డంగా ఊపి సీటెక్కింది. విరుగుతుందేమోనని భయం, విరక్కపోతే వదిన మొహం ఎలా చూడాలోనని ఇంకో భయం. ఈసారి కళ్ళు మూయలేదు. ముల్లు పైకి లేచి ఎర్ర గీతని తాకింది. అది తాకడం ఆమె చూడటం అదే మొదలు. సీటు అదురుతున్నా కాలు తీయకుండా పట్టుకుంది. వదిలి మళ్ళీ తొక్కింది.

లోపల ఠక్కుమంది. ఆ వెంటనే ఇనప డబ్బాలో రాళ్ళేసి కుదిపినట్టు గలగలమంటూ ఒక మోత. తర్వాత ఇంజన్ ఆగిపోయింది.

“అమ్మో, నా పిల్లలు!” అంటూ వదిన ఇద్దర్నీ పొట్టకి అదుముకుని అక్కడే నేల మీద కూలబడింది.

ఫోర్‌మన్ కిటికీ దగ్గరికొచ్చాడు. కోప్పడలేదు, గొంతు తగ్గించి అడిగాడు. “ఇప్పటిదాకా ఎన్ని బళ్ళకి ఇలా మధ్యలో కాలు తీశావమ్మా?”

ఆమె చేతులు ఇంకా స్టీరింగునే పట్టుకుని ఉన్నాయి.

“అన్నిటికీనండీ” అంది.