నా తుంటికి ముడుపు రూపాయి కొలత

ఆ రోజు పొద్దున మా చేపల పడవ, డింగీ, దిగుతూ నాచు మీద జారాను. ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. లేవబోతే కుడి కాలు నాతో రానంది. చూస్తే పాదం బయటికి తిరిగి, రెండో కాలికన్నా పొట్టిగా ఉంది. డెబ్బై ఏళ్లలో నా మాట వినని మొదటి అవయవం అదే. నోటి సంగతి వేరు.

పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఫీమర్ నెక్ ఫ్రాక్చర్, అంటే తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది అన్నారు. పార్షియల్ హిప్ రీప్లేస్‌మెంట్ చెయ్యాలట. విరిగిన బంతి తీసి స్టీలు బంతి పెడతారు, అది తిరిగే గిన్నె మాత్రం నాదే.

"చెన్నై ఎల్లిపోదాం బావా, ఇక్కడేటుంది?" అన్నాడు మా బావమరిది.

"ఇమానానికి డబ్బులేవి? మూడు రోజులు ఓడలో ఈ కాలుతో దొర్లమంటావా? ఇక్కడే ఇరిగింది, ఇక్కడే నిలబడతాను."

డాక్టరమ్మ చిన్నపిల్ల, హిందీ మనిషి. "ఛోటా హువా తో ఘిసేగా, బడా హువా తో ఘుసేగా నహీ, అంకుల్" అంది. బంతి చిన్నదైతే గిన్నెని అరగదీస్తుంది, పెద్దదైతే అసలు లోపలికే పోదు. ఆసుపత్రిలో అన్ని సైజులూ లేవు, ముందే లెక్కగట్టి చెన్నై నుంచి తెప్పించాలి. తప్పు సైజు వస్తే మళ్లీ ఎదురుచూపే. మంచం మీద ఒక్కో రోజూ నా ఊపిరితిత్తులకి, వీపుకి చేటని కూడా చెప్పింది.

ఫిల్మ్‌లో ఎముక అసలుకన్నా పెద్దగా పడుతుంది. ఎంత పెద్దగా పడిందో తెలియాలంటే పక్కన కొలత తెలిసిన వస్తువొకటి ఉండాలి. నా ఫిల్మ్‌లో ముందే ఉంది. పడిన రోజే మా ఆవిడ నూకరత్నం గంగమ్మకి మొక్కి, రూపాయి పసుపు గుడ్డలో ముడుపు కట్టి, నొప్పికి తగిలేలా మొలతాడుకి వేలాడదీసింది. ఎక్స్‌రే అతను తియ్యమన్నా తియ్యనివ్వలేదు. డాక్టరమ్మ ఆ రూపాయితోనే లెక్కగట్టి బంతి 41 మిల్లీమీటర్లు అంది.

మర్నాడు తనే ఫిల్మ్ పట్టుకుని గొణిగింది, "ఇంత మనిషికి ఆడవాళ్ల సైజేంటి?"

"దేంతో కొలిచారమ్మా?" అన్నాను.

"రూపాయితో."

"ఏ రూపాయి?"

నూకరత్నం లేచింది. "పాత పెద్ద రూపాయి, మా అత్తిచ్చింది. అమ్మోరికి ఈ కొత్త సిన్న రూపాయి కడతానేటి, దీదీ?"

ముడుపు విప్పమంటే ససేమిరా అంది. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ గుడ్డ మీంచే స్కేలు పెట్టి కొలిచి, తను అనుకున్న కొత్త రూపాయి కొలత తీసేసి మళ్లీ లెక్క వేసింది. 45 వచ్చింది. చెన్నైకి ఫోన్ చేసి 43, 45, 47 పంపమంది.

వానకి రెండు రోజులు విమానం దిగలేదు. నాకు జ్వరం, దగ్గు. బావమరిది మళ్లీ చెన్నై మాట ఎత్తాడు. "నువ్వెల్లి నీ మోకాళ్లు మార్పించుకో" అన్నాను. మూడో రోజు పెట్టె వచ్చింది. జ్వరం తగ్గాక ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు.

నడుముకి ఇచ్చిన ఇంజెక్షన్‌తో కింద మొద్దుబారింది, చెవులు మాత్రం పనిచేశాయి. విరిగిన బంతిని సైజుకో గుండ్రటి కన్నం ఉన్న పలకలో పెట్టి చూశారట. "ఫార్టీ ఫైవ్, ఫిట్" అని వినబడింది.

మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు. ఇప్పుడు బాసింపట్టు లేదు, గొంతుక్కూర్చోవడం లేదు. ఎత్తు స్టూలు మీద కూర్చుని వల బాగుచేస్తాను. డాక్టరమ్మ సరే అన్నాకే ఒకరి భుజం పట్టుకుని డింగీ ఎక్కుతున్నాను.

మీకూ ఈ ఆపరేషన్ చెబితే, సైజు దేంతో కొలిచారో అడగండి. మూడో తరగతి దాటని నేనే అడిగాను. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆ బంతి మీద నడవాల్సింది వాళ్లు కాదు.