జలీల్ క్యాసెట్ రెండో వైపు

ముప్పై ఏళ్లు దాటాయి. ఇది నా గుండెల మీద బండలా ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆమెకెలా చెప్పను? మీకు చెప్తున్నాను.

గల్ఫ్ యుద్ధమప్పుడు సౌదీలో మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, నన్ను బురైదా ఖర్జూర తోట నుంచి తీసి, కువైట్ సరిహద్దు దగ్గర సైనిక క్యాంపు వంటశాలకు పంపాడు. అక్కడ బంగ్లాదేశ్ దళం ఉండేది. ఆ యుద్ధమంటే అందరూ అమెరికా విమానాల గురించే చెప్తారు, వీళ్లనెవరు తలుస్తారు? వాళ్లలో జలీల్ నాకు దోస్తు. పోరు ఆగాక వాళ్లను మందుపాతరలు తీయడానికి కువైట్‌కు పంపారు. పోయే ముందు జలీల్ వాళ్లమ్మ కోసం రెండు వైపులా మాట్లాడి నింపిన క్యాసెట్ ఇచ్చాడు. నేను ఇకామా పర్మిట్ పని మీద బురైదా పోతున్నానని, అక్కడ పోస్టు చేయమన్నాడు.

బురైదాలో మా ఊరతను ఇంటికి బయలుదేరుతున్నాడు. అలా పోయేవాళ్ల చేతికే మేమంతా క్యాసెట్లు ఇచ్చేవాళ్లం. యుద్ధం మొదలైనప్పటి నుంచి మా ఆవిడ నా గొంతు వినలేదు. ఖాళీ క్యాసెట్ కొందామంటే నమాజు వేళ, దుకాణాలన్నీ మూసేశారు. అతని కారు గంటలో కదులుతుంది. జలీల్ క్యాసెట్ పెట్టి విన్నాను. భాష రాకపోయినా "మా, మా" అన్న పిలుపు తెలిసింది. అయినా మీట నొక్కాను. "నేను మంచిగనే ఉన్న. నువ్వు రంది పెట్టుకోకు" అంటూ ఒక వైపంతా చెరిపేసి, మా ఊరతని చేతికిచ్చాను. జలీల్ మళ్లీ నింపుకుంటాడులే అనుకున్నాను.

మూడు వారాలకు అతని తోటి సిపాయి మా వంటశాలకు వచ్చాడు. మందుపాతర పేలి జలీల్ పోయాడని చెప్పి ఏడ్చాడు. క్యాసెట్ వస్తోందని జలీల్ ముందే వాళ్లమ్మకు ఉత్తరం రాశాడట.

"భాయ్, క్యాసెట్ భేజ్ దియా?"

"భేజ్ దియా" అన్నాను, పంపేశానని. నా నోరు పడిపోను, తడబడకుండా అన్నాను.

అప్పటికి రెండో వైపు మా ఇంట్లో భద్రంగానే ఉంది. సగం మాటలైనా మిగిలాయి. దాన్ని ముట్టుకోవద్దని ఇంటికి రెండు ముక్కలు రాస్తే చాలు. రాయలేదు. పరువా? భయమా? దొంగనని ఎవరికీ తెలియకూడదనే కదా! నెలకు క్యాసెట్ తిరిగొచ్చింది. ఒక వైపు విని, రెండో వైపు జవాబు నింపి పంపడం మా అందరి అలవాటు. మా ఆవిడ, పాపం, ఏమీ తెలియక పిల్లాడి ముచ్చట్లన్నీ నింపింది.

జలీల్ తల్లి చిరునామా రాసిన కవరు కూడా నేను దాచలేదు. క్షమించమని అడగడానికి ఆమె ఎక్కడుందో తెలియదు. అసలు ఉందో లేదో. ఎన్నాళ్లు ఎదురు చూసిందో, పోస్టులో పోయిందని ఎవరు సర్దిచెప్పారో.

పోస్టులో పోలేదమ్మా. నేనే చెరిపాను.