‘పేర్లు లేవు’ అని నేను పెట్టిన టిక్కు

2019లో నేను అనకాపల్లిలో ఒక మేడమీది గదిలో పనిచేసేదాన్ని. కింద ఎరువుల కొట్టు. పైన మేము నలుగురం, నాలుగు కంప్యూటర్లు, చెవులు నొప్పెట్టే హెడ్‌ఫోన్లు. అంతకుముందు పదేళ్లు డీటీపీలో శుభలేఖలూ కరపత్రాలూ కొట్టిన చేతులు నావి. ఇది కొత్త పని. ఒక పరిశోధన బృందం కశింకోట, చీడికాడ, రావికమతం వైపు ఊళ్లలో ఆడవాళ్లను మాట్లాడించి వీడియోలు తీసుకొచ్చేది. వాళ్లు అన్నది అన్నట్టు విని టైపు చేయాలి. దీన్ని ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు.

ఎందుకీ చాకిరీ అని మా ఇంట్లోనే అడిగేవారు. గంటల కొద్దీ సాగే వీడియోలో ఒక మాట ఎక్కడుందో కావాలంటే మొత్తం కూర్చుని వినాల్సిందే కదా. మేము ప్రతి వాక్యం పక్కనా అది ఏ నిమిషంలో, ఏ సెకనులో వచ్చిందో వేసేవాళ్లం. అది టైమ్‌స్టాంప్. ఇలా బోలెడన్ని వాక్యాలు తినిపిస్తే మెషీనే మన యాస నేర్చుకుంటుందని, ‘చెరకు’ అని కొడితే ఎవరెక్కడ చెరకు మాటెత్తినా తెచ్చి చూపిస్తుందని సార్ చెప్పేవారు. సార్ అంటే ఆ పరిశోధన నడిపే ఆయన. మొదట్లో ఆ మెషీన్ రాసిన రాతలు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. కొన్నాళ్లకి నవ్వు ఆగింది. అది నిజంగానే వినడం మొదలుపెట్టింది.

ప్రతి వీడియో చివర మేము నింపే గడి ఒకటుండేది: ‘వ్యక్తుల పేర్లు ఉన్నాయా?’ ఉంటే అక్కడ శబ్దం తీసేయాలి. లేకపోతే ‘లేవు’ అని టిక్కు పెట్టాలి. టిక్కు పడినదాన్ని మొహం మసక చేసి, గొంతు మార్చి, నలుగురికీ చూపించుకోవచ్చు. నావి పాము చెవులని గదిలో పేరు. ఒక్క పేరూ నన్ను దాటిపోయేది కాదు. ఆ గర్వం నా కొంప ముంచినా బాగుండేది. వేరొకరి కొంప ముంచింది.

ఆమెను పైడితల్లి అనుకుందాం. ముప్ఫై దాటని మనిషి. మాట్లాడించిన అమ్మాయి వంటల గురించీ, చెరకు కోతల గురించీ అడిగి, పిల్లల దగ్గరికి వచ్చింది. పేరు బయటికి రానే రాదని మాటిచ్చింది. అప్పుడు పైడితల్లి గొంతు తగ్గించింది.

“రెండో పాపకే నా పేణం మీదకొచ్చీసింది. ఇంకో కానుపైతే బతకవని డాక్టరమ్మ సెప్పింది. కన్నోరింటికాడ ఉన్నప్పుడే ఆపరేషన్ సేయించీసుకున్నాను. మా అత్తకి తెల్దు. పాపోళ్ల నాన్నకీ సెప్పనేదు. బెల్లం వండుతాడు, పాకం పడి ఎడం సెయ్యి కాలిపోనాది సూడు, ఆయనే. మగపిల్లోడి కోసం ఈళ్లు మొక్కని దేవుడు నేడు. నానూ ఎనకాలే ఎల్లి మొక్కుతాను.”

విని ఏడ్చాను. హెడ్‌ఫోన్లు తీసి, కళ్లు తుడుచుకుని, పేర్ల కోసం మళ్లీ మొదటినుంచీ విన్నాను. ఒక్కటీ లేదు. టిక్కు పెట్టాను.

కొన్ని నెలలకి పని చూపించే రోజు వచ్చింది. అనకాపల్లిలోనే ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. వీడియోల్లో మాట్లాడిన ఆడవాళ్లను ఇంటిల్లిపాదితో పిలిచి తలా ఒక చీర పెట్టారు. పైడితల్లి అత్తతో, భర్తతో వచ్చింది. ఆమె మొహం నాకు వీడియోలో తెలిసిందే కాబట్టి నవ్వాను. నేనెవరో తెలియకపోయినా ఆమె కూడా తిరిగి నవ్వింది.

కీబోర్డు ముందు నేనే కూర్చున్నాను. ‘చెరకు’ అని కొడితే చెరకు వచ్చింది. ‘వాన’ అంటే వాన వచ్చింది. హాలంతా చప్పట్లు. ముందు వరసలో, వైద్యశాఖలో చేసి రిటైరైన పెద్దాయన ఉత్సాహంగా లేచారు.

“ఒంట్లో బాగోలేకపోతే ఆడోళ్లు ఏటి సెప్పుకుంటారో సూద్దాం. ‘ఆపరేషన్’ అని కొట్టమ్మా.”

కొట్టాను. మొదట వచ్చిన క్లిప్పు నొక్కాను. గొంతు మార్చి ఉంది కదా, రెండు వాక్యాల దాకా అదేమిటో నాకే తెలియలేదు. తెర మీద అక్షరాలు జానెడేసి ఉన్నాయి. నా చెయ్యి మౌస్ మీదకు వెళ్లేలోపు ‘బెల్లం వండుతాడు’ వచ్చేసింది. ఆపేలోపు ‘ఎడం సెయ్యి’ కూడా వచ్చేసింది.

వెనక ఎవరో “ఓలమ్మా!” అన్నారు. పైడితల్లి ఊరి వాళ్ల తలలన్నీ ఒక్క వైపే తిరిగాయి. ఆమె భర్త ఎడమ చేతిని ఒళ్లోకి లాక్కుని, కుడి చేత్తో కప్పుకున్నాడు.

“నిజవేనేటే?” అంది అత్త. పైడితల్లి ఒళ్లో చీర ప్యాకెట్టు కేసి చూస్తూ ఉండిపోయింది.

ఏం జరిగిందో అర్థంకాని ముందు వరస వాళ్లు, మెషీన్ భలే పట్టిందని చప్పట్లు కొట్టారు.

నాలుగు రోజులకి తెలిసింది, ఆమెను పిల్లలిద్దరితో పుట్టింటికి పంపేశారని. “మనం రూల్ ప్రకారమే చేశాం కదమ్మా, పేరు లేదుగా” అన్నారు సార్. నాకూ నోటికి అదే వచ్చింది. అయినా ఇంట్లో నిలవలేక ఆదివారం షేర్ ఆటో ఎక్కి ఆమె కన్నవారి ఊరు వెళ్లాను. పెరట్లో గిన్నెలు తోముకుంటోంది. ఫలానా అని చెప్పుకున్నాను.

“నాను సెప్పినదంతా ఇని రాసినది నువ్వేనా?”

“నేనేనమ్మా. నీ పేరు గానీ ఆయన పేరు గానీ ఎక్కడైనా ఉంటే తీసేసేదాన్ని. లేదు కాబట్టే...”

“ఉండదు గదా.” చేతిలో గిన్నె పక్కన పెట్టింది. “ఆయన పేరు నా నోటితో ఎలాగ సెప్తాననుకున్నావు? నువ్వు సెప్తావేటి మీ ఆయన పేరు?”

నాకు పెళ్లయి పద్నాలుగేళ్లు. ఇంట్లో ఆయన ‘బాబు వాళ్ల నాన్న’. మొన్నటికి మొన్న గ్యాస్ ఆఫీసులో అడిగితే పుస్తకం ముందుకు తోశానే గానీ పేరు పలకలేదు. పేరెత్తని ఆడది మనిషిని ఎలా చెబుతుందో నాకు తెలియనిదా? చేసే పని చెబుతుంది, ఒంటి మీది మచ్చ చెబుతుంది. అలా చెబితే పేరు కన్నా గట్టిగా తెలుస్తుంది. అదంతా నా చెవిలో పడింది, గడి అడగలేదని వదిలేశాను. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

“ఇంకెక్కడున్నాది నా మాట?” అంది.

“అంతా తీసేయిస్తాను.”

“మిషనుకి సెప్పకు. నువ్వే కూకుని ఇను.”

కూర్చుని విన్నాను. ఆమెవి చెరిపేయించాక, ‘లేవు’ అని నేను టిక్కు పెట్టినవన్నీ మళ్లీ తీశాను. కుంటి ఎద్దు ఉన్నాయన, కిళ్లీ బడ్డీ ఎదురింటాయన, చర్చి పక్క టైలరు. పేర్లు లేని ఆ వీడియోల నిండా మనుషులున్నారు. సార్‌తో పెద్ద గొడవే పడి ఆ గడి మార్పించాను. ఇప్పుడక్కడ ‘సొంత ఊరివాళ్లు వింటే ఎవరో చెప్పగలరా?’ అని ఉంటుంది. మాట్లాడిన మనిషిని మళ్లీ అడగకుండా ఏదీ ఎవరికీ చూపించం.

రెండు నెలలకి పైడితల్లి ఫోన్ చేసింది.

“పాపోళ్ల నాన్న వచ్చేడమ్మా, తీసికెల్లడానికి.”

“ఏమన్నాడు?”

“ఏటీ అన్నేదు. ‘నాకైనా సెప్పొచ్చు గదా’ అన్నాడు.” “మా అత్త మాత్రం మాటాడ్డం నేదు” అంది. ఆ సంగతి నేను సరిచేయగలిగింది కాదు. ఇప్పటికీ నన్ను తినేస్తూనే ఉంది.

మాటను దొరికేలా చేయడం నా పని. దొరకకూడదని చెప్పుకున్న మాటలుంటాయని నాకు నేర్పింది ఈమె. అందుకే ఇది రాసేటప్పుడు ఆమె భర్త చేసే పని మార్చి రాశాను. కాలినది చెయ్యి కాదు. ఇంకా చాలా మార్చాను, అవేమిటో చెప్పను. రాశాక ఫోన్లో ఆమెకు మొత్తం చదివి వినిపించి, అచ్చుకి పంపనా అని అడిగాను. చివరిదాకా ఊఁ కొడుతూ విని, నిట్టూర్చింది.

“పంపు. ఎవులోగానీ ఆ మనిషి, పాపం” అంది.