అవ్వ బొమ్మ కింద చీటీ

ఆ రోజుల్లో మా ఊరు ఎల్లారెడ్డిలో ఆడపిల్ల పేరు కేకేయడానికే తప్ప రాయడానికి ఎవరికీ అవసరం పడేది కాదు. అయినా మా బాపు, అంటే నాన్న, నాకు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. అందుకు ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆయనకో దండం పెట్టుకుంటాను. కాకపోతే ఆయన నేర్పింది తెలుగు, సర్కారు కచేరీలు నడిచేది ఉర్దూలో. ఆ తేడా వల్ల నేనొకసారి ఎంత నవ్వులపాలయ్యానో చెబుతాను.

పద్నాలుగేళ్లప్పుడు బాపు తల్లి, మా అవ్వ, బొమ్మ గీశాను. బొగ్గు, ఎర్రమట్టి జాజు, పసుపు, అవే నా రంగులు. అవ్వ మూడు రోజులు కదలకుండా కూర్చుంది (మధ్యమధ్య నన్ను తిట్టడానికి లేచింది, అది లెక్కలోకి రాదు). కామారెడ్డిలో నౌకరీ చేసే మా అన్న అక్కడి చిత్రకళా సంఘంలో సభ్యుడు. సంఘం వాళ్లంతా కలిసి ధర్మశాలలో బొమ్మలు పెడుతున్నారు, నీదీ పెట్టిస్తానని కబురంపి బొమ్మ తెప్పించుకున్నాడు. ఆ రోజు నేనూ అవ్వా ఎడ్లబండి దిగి లోపలికి పోయేసరికి బొమ్మ గోడ మీద ఉంది. దాని కింద చీటీ, చీటీ మీద సంఘం రాతపని చూసే మున్షీ గారి ఉర్దూ రాత, మల్లెతీగ పాకినట్టు. నా పేరు అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. దేవుణ్ణి తలుచుకుని చీటీని తాకి కళ్లకద్దుకున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. అంతటితో ఆగితే బాగుండేది.

"మున్షీ సాబ్, మా అవ్వ వింటది, జర సదివి చెప్పుండ్రి" అన్నాను. ఆయన చదివాడు. అది మా అన్న పేరు.

"వాడా? వాడు నన్నెప్పుడు గీసిండు? మొకం సూసి ఆర్నెల్లాయె" అంది అవ్వ. అన్న స్తంభం చాటుకు జరిగాడు. సంఘం అధ్యక్షుడు రూమీ టోపీ సర్దుకుంటూ వచ్చి, "ఆడపిల్ల పేరు గోడకెక్కితే రేపు సంబంధాలెట్ల వస్తయి బిడ్డా? అన్న పేరైతే ఏమాయె?" అన్నాడు.

"గట్లయితే అన్ననే గీయమనుండ్రి. అవ్వ గీడనే ఉన్నది. నాకంటె మంచిగ గీస్తే ఆయన పేరే ఉండనియ్యుండ్రి. లేకుంటే చీటీ మార్చుండ్రి" అన్నాను. నా గొంతే అని నాకే నమ్మకం కలగలేదు. చూడవచ్చిన వాళ్లంతా మూగారు. పాపం, అన్న కూర్చోక తప్పలేదు. ఆయనకు కొండలూ చందమామా తప్ప ఏవీ రావు. చెమటలు కక్కుతూ గీసి చూపించాడు. అవ్వ కాగితాన్ని దగ్గరా దూరమూ పెట్టి చూసింది.

"గీ మొగాయనెవరు? మన ఊరి పట్వారీనా?"

ముందు నవ్వింది అన్నే. బొగ్గు కింద పెట్టి, "నాతోని కాదు సార్, చెల్లె పేరే రాయుండ్రి" అన్నాడు.

"సంఘం పరువు, ఇజ్జత్ పోతది" అన్నాడు టోపీ ఆయన.

"బొమ్మ గోడ దిగితే పోదా?" అని నేను బొమ్మ తగిలించిన మేకు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆయన ఇక లాభం లేదని మున్షీ వైపు చేయూపాడు.

మున్షీ గారు కొత్త చీటీ రాసి, అడగకుండానే నా పేరు చదివి వినిపించారు. ఆయన మంచివాడు. కానీ ఒకసారి మోసపోయాను కదా, ఆ మల్లెతీగ రాత మీద నమ్మకం పోయింది. అన్న కింద పెట్టిన బొగ్గుముక్క తీసుకుని ఆ చీటీ మీదే తెలుగులో నా పేరు దిద్దాను. ఒక్కో అక్షరం అవ్వ ముక్కంత. ఆ సాయంత్రం దాకా బొమ్మ గురించి ఎవరూ అడగలేదు, గింత పెద్దగ రాసిందెవరని మాత్రం అందరూ అడిగారు. (సంబంధాలు వచ్చాయి, దేవుడి దయ.)

ఇప్పుడు కోడలు ఏం కూర వండమంటారని అడిగితే "నీ ఇష్టం బిడ్డా" అంటాను. మేకు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల నాలో ఎక్కడ దాక్కుందో అప్పుడప్పుడు వెతుక్కుంటాను. కనిపిస్తే దండం పెట్టాలని ఉంది. "దండం తర్వాత, ముందు ఏం కూర కావాల్నో చెప్పు" అని ఆ పిల్లే అంటుందేమోనని భయం.