అత్త ఫోన్‌లో దానియేలు గిటారు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నవ్వేసి లేచిపోయేవాణ్ణి. నమ్మకపోవడానికి నా దగ్గర కారణం కూడా ఉంది. నేను శబ్దంతో పనిచేసేవాణ్ణి. శ్రీకాకుళంలో అద్దెగదిలో కూర్చుని పాతకాలపు ఇంగ్లీషు రాక్ పాటలు గిటారు మీద వాయించి, రికార్డు చేసి, నా ఛానెల్లో పెడుతుంటాను. రికార్డింగులో వింత మోత ఏదైనా దూరితే అది ఫ్రిజ్‌దో, పక్కింటి నీళ్ళ మోటారుదో తేలేదాకా నిద్రపోను. ఎప్పుడూ తేలేది. ఈ ఒక్కటి తేలలేదు.

ముందే ఒక మాట చెప్పాలి. జరిగిన దానిలో నా తప్పు ఉంది. దాన్ని పక్కనపెట్టి వింతను మాత్రమే చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. అబద్ధాలు ఇప్పటికే చాలా చెప్పాను.

దానియేలు మా మేనత్త శాంతమ్మ కొడుకు. నాకంటే కొంచెం పెద్ద. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. కోటబొమ్మాళి దగ్గర మా ఊరి బాప్టిస్టు చర్చిలో ఒకే గిటారును మార్చుకుంటూ ఇద్దరం నేర్చుకున్నాం. చర్చిలో వాయించేది క్రైస్తవ కీర్తనలే. కానీ పాస్టరుగారి అబ్బాయి ఎక్కడినుంచో ఒక పెన్ డ్రైవ్ తెచ్చాడు. దాని నిండా మేము పుట్టకముందు నాటి ఇంగ్లీషు రాక్ పాటలు. వాటి మాటలు సగం అర్థమయ్యేవి కావు. గిటారు మాత్రం పూర్తిగా అర్థమైంది.

నేను లీడ్ వాయించేవాణ్ణి, అంటే అందరి కళ్ళూ పడే భాగం. దానియేలుది రిథమ్, వెనక నుంచి పాటను మోసే భాగం. విజయనగరంలో కాలేజీ ఫంక్షన్లకూ, చుట్టుపక్కల పెళ్ళి రిసెప్షన్లకూ వెళ్ళేవాళ్ళం. పొందూరులో ఒక రిసెప్షన్‌లో భోజనాల దగ్గర్నుంచి ఒక పెద్దాయన చెయ్యి కడుక్కోకుండానే స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"ఒరే బాబూ, ఆ ఇంగ్లీషోడి ఏడుపు ఆపి మనకి తెలిసిందేదో ఎయ్యండ్రా!"

"ఇది కూడా పెళ్ళి పాటే మావా," అన్నాడు దానియేలు. "పెళ్ళాం ఒగ్గేసి ఎల్లిపోయినోడు పాడుకున్నాడు."

ఆయన పడీ పడీ నవ్వి, వెళ్ళి కుర్చీ తెచ్చుకుని ముందు కూర్చున్నాడు. దానియేలు అలాంటివాడు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. మిషనరీల కాలం నాటి హార్మోనియం ఒకటి ఇంకా పలుకుతుంది. ఎవరు ఏ వాద్యం వాయించినా శ్రుతి దాన్నుంచే తీసుకోవాలి. వయసు మీదపడి దాని శ్రుతి ఇప్పటి ప్రమాణం కంటే ఒక పిసరు కిందికి జారింది. చర్చిలో అందరూ దానికే కట్టుకుంటారు కనుక ఎవరికీ తేడా తెలియదు. దానియేలు శనివారం ప్రాక్టీసులో హార్మోనియానికి గిటారు కట్టుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక అదే శ్రుతితో రైలెక్కి రికార్డింగుకి నా గదికి వచ్చేవాడు. శ్రుతి సరిచూసే ట్యూనర్ ఇస్తే ముట్టుకునేవాడు కాదు.

"ఒకసారి దాన్నడిగి కట్టుకున్నాక, మళ్ళీ ఇంకొకర్ని అడగడమేటి బావా," అనేవాడు.

నా గిటారు ట్యూనర్ ప్రకారం ఉండేది. రెండూ కలిసి మోగితే శబ్దం సన్నగా వణికేది, నీళ్ళ మీద ఎండ కదిలినట్టు. నేను నా తీగలను కాస్త వదులు చేసుకుంటే సరిపోయేది. చాలాసార్లు అలాగే చేశాను కూడా.

ఒక పాట దగ్గర మాత్రం చేయలేదు. అది మేము అన్నిటికంటే బాగా వాయించిన పాట. మొదట్లో దానియేలు సొంతంగా కట్టిన రిథమ్ గిటారు వరస ఒక్కటే మోగుతుంది, తర్వాత నా లీడ్ వచ్చి చేరుతుంది. పూర్తి పాట పెట్టకముందు చిన్న ముక్క ఛానెల్లో పెట్టాను. కింద వచ్చిన కామెంట్లన్నీ ఒకటే అడిగాయి: వెనక రిథమ్ ఎవరు వాయించారు? నా లీడ్ గురించి ఒక్కరూ అనలేదు.

ఆ రాత్రే అతని రిథమ్ తీసేశాను. అతని వాయింపును పదే పదే విని, ఆ భాగం మొత్తం నేనే మళ్ళీ వాయించి పెట్టాను. శ్రుతి తేడా ఉంది కాబట్టి తప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. శ్రుతి ఒక సాకు. తర్వాత అతని ట్రాకులు కంప్యూటర్ నుంచి పూర్తిగా చెరిపేశాను. పాట కింద నా పేరు ఒక్కటే పెట్టాను. ఆ పాటే నన్ను నలుగురికి తెలిసేలా చేసింది.

తర్వాతి ఆదివారం దానియేలు వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"బావా, ఈ సెయ్యి నాది కాదు."

"నీదే బావా. మిక్సింగ్ సేస్తే అలగే ఉంటాది."

నా ముఖంలోకి చూశాడు. "సర్లే. టీ తాగుదాం పద," అన్నాడు. అంతే. గొడవపడలేదు. రావడం మాత్రం తగ్గించాడు.

తర్వాత అతనికి కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఆ జబ్బు ఇంటింటికీ తెలిసిందే. టెక్కలిలో డయాలిసిస్ జరిగేది. ఒక్కసారి వెళ్ళి పక్కన కూర్చున్నాను. వర్షాల గురించీ, కొత్తగా కొన్న మైకు గురించీ మాట్లాడాను. పాట ఊసు ఎత్తుతాడేమోనని భయం. ఎత్తలేదు. ఎత్తకపోవడం ఇంకా కష్టంగా ఉంది. మళ్ళీ వెళ్ళలేదు. ప్రోగ్రాములున్నాయని చెప్పించాను. దానియేలు పోయాడు.

జ్ఞాపకార్థ కూడిక అయిన రోజున అత్త నన్ను పక్కకు పిలిచి ఫోన్ చేతిలో పెట్టింది.

"అల్లుడా, మావోడు నీకాడ వాయించిన పాట ఉన్నాది కదా. దీన్లో ఎక్కించు."

చర్చి కార్యక్రమాల వీడియోలు కొన్ని ఉన్నాయి గానీ వాటిలో డప్పుల మోతకు గిటారు వినపడదు. దానియేలు వాయించింది శుభ్రంగా రికార్డయింది నా దగ్గరే. దాన్ని చెరిపేసిందీ నేనే. ఆ పాటే ఎక్కించాను.

"ఇందులో మావోడిది ఏదిరా?"

"మొదట్లో ఒక్కటే మోగుతాది సూడత్తా, అదే," అన్నాను.

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని తలూపింది. కొడుకు పోయాక ఆమెకు మిగిలిన అతని వాయింపు అదొక్కటే అనుకుంటోంది. అది కూడా నాదే. నిజం చెబితే అదీ పోతుంది. చెప్పకపోతే చనిపోయినవాడి చోట్లో జీవితాంతం నేను కూర్చుని ఉంటాను. ఈ రెంటి మధ్యా నాకు నిద్ర పట్టేది కాదు.

అప్పటి నుంచి వీలైన ప్రతి ఆదివారం అత్త ఇంటికి వెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ పక్కనే ఫోన్ పెట్టుకుని ఆ పాట వినేది. వెళ్ళిన ప్రతిసారీ అడిగేది, ఇందులో మావోడిది ఏదిరా అని. ప్రతిసారీ అదే చెప్పేవాణ్ణి. ముసలితనం, మరిచిపోతోంది అనుకున్నాను.

వేసవి మొదట్లో ఒక ఆదివారం. పట్టపగలు. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, అందుకే ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. అత్త పాట పెట్టింది. మొదటి గిటారు మొదలైంది.

అది నా వాయింపు కాదు. తీగల మీద చెయ్యి పైకి వచ్చేటప్పుడు దానియేలు ఒక రెప్పపాటు ఆలస్యం చేసేవాడు. నేను ఎంత ప్రయత్నించినా అది నాకు పట్టుబడలేదు. ఆ ఆలస్యం అందులో ఉంది. తర్వాత నా లీడ్ వచ్చి చేరగానే శబ్దం సన్నగా వణికింది. రెండు గిటార్లు ఒకే శ్రుతిలో లేవు.

దుఃఖం మనిషికి లేనిపోనివి వినిపిస్తుందని నాకు తెలుసు. అందుకే ఇంకోసారి పెట్టమని, నా ఫోన్‌లో ట్యూనర్ తెరిచి దగ్గరగా పట్టుకున్నాను. మొదటి గిటారు ఒంటరిగా మోగుతున్నంతసేపూ ముల్లు మధ్య గీతకు కిందే నిలబడింది. నా గిటారైతే సరిగ్గా గీత మీద ఉండాలి.

"దాంతో ఏటి సేస్తన్నావురా, జొరం సూస్తన్నావా?" అంది అత్త.

రీఛార్జ్ చేయిస్తానని చెప్పి ఆమె ఫోన్ తీసుకుని వీధిలోకి వెళ్ళాను. అక్కడ అదే పాట పెట్టాను. ముల్లు గీత మీద నిలబడింది. నా వాయింపే. లోపలికి తెచ్చి ఆమె పక్కన పెట్టి మళ్ళీ మోగించాను. ముల్లు మళ్ళీ కిందికి జారింది. ఫైలును నా ఫోన్‌లోకి పంపుకుని గదికి వెళ్ళి విన్నాను. నాదే. కంప్యూటర్లో ఆ పాట అసలు ప్రాజెక్టు ఫైలు తెరిచి చూశాను. అందులో దానియేలు ఊపిరి కూడా లేదు.

ఆ తర్వాతి శనివారం చర్చికి వెళ్ళి హార్మోనియం మెట్టు నొక్కి ట్యూనర్ పెట్టాను. ముల్లు అత్త ఇంట్లో నిలబడిన చోటే నిలబడింది. విజయనగరంలో స్టూడియో నడిపే మిత్రుణ్ణి, ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను. ఫోన్ స్పీకర్ చెడిపోతే గరగరలాడుతుంది గానీ ఒక్క గిటారు శ్రుతిని మాత్రమే దించలేదు అన్నాడు.

వేసవి పొడుగునా వెళ్ళిన ప్రతి ఆదివారం అది విన్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకు భయం కంటే ఊరట ఎక్కువ కలిగింది. అతని వాయింపు ఎలాగో ఆమెకు అందుతోంది కదా, ఇక నేను నిజం చెప్పక్కర్లేదు అనిపించింది. నేను చేసినదాన్ని చనిపోయినవాడే వచ్చి సర్దేస్తున్నాడని హాయిగా కూర్చున్నాను. ఆ ఆలోచన నాకు పూర్తిగా అర్థమైన రోజున నా మీద నాకే అసహ్యం వేసింది. మరుసటి ఆదివారం అత్త ఎప్పటిలాగే అడిగింది.

"ఇందులో మావోడిది ఏదిరా అల్లుడా?"

"ఏదీ కాదత్తా," అన్నాను. "అన్నీ నావే. బావది తీసేసినాను. చెరిపేసినాను. మళ్ళీ తేవడానికి కూడా నేదు."

అత్త చేట కింద పెట్టలేదు. ఒక రాయి ఏరి గుమ్మం బయటికి విసిరింది.

"తెలుసురా. ఆడు ఆ రోజే ఇంటికొచ్చి సెప్పేసినాడు. 'అమ్మా, బావ నన్ను తీసేసినాడే' అని నవ్వినాడు. నవ్వి అన్నం తినకుండా తొంగున్నాడు."

"మరి తెలిసి నన్నెందుకు అడిగినావత్తా, అన్నిసార్లు?"

"సెప్తావేమోనని. అడగ్గా అడగ్గా ఎప్పుడో సెప్తావనుకున్నాను. కోపం నేదనుకోకు. ఉన్నాది."

"తెలిసీ ఆ పాట ఎందుకు ఇంటన్నావు?"

"మొదట్లో నీదే ఇనపడీది. పోన్లే, ఆడు కట్టిన వరసే కదా అని ఇన్నాను. తర్వాత తర్వాత ఆడిది వస్తన్నాది." అంత మామూలుగా అంది, కుళాయికి నీళ్ళు వస్తున్నాయన్నట్టు.

చెయ్యి చీరకు తుడుచుకుని పాట పెట్టింది. నేనూ విన్నాను. మొదటి గిటారు మోగింది. ట్యూనర్‌కు కట్టిన శ్రుతి, ఎక్కడా ఆలస్యం కాని చెయ్యి. లీడ్ వచ్చి చేరింది. వణుకు లేదు.

"ఇదిగో, వచ్చినాది. ఇన్నావా?" అంది అత్త, కళ్ళు మూసుకుని.

విన్నాను అని చెప్పడం ఎంత సులువో. మాట నాలుక దాకా వచ్చింది.

"నేదత్తా. నాకు ఇనపడనేదు."

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఆ చూపులో జాలి ఉందో కోపం ఉందో ఇప్పటికీ తేల్చుకోలేను. "సర్లే. నాకు ఇనపడతన్నాది," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

పాట తీసేస్తానంటే అత్త వద్దంది. దాని కింద, ఇందులోని రిథమ్ దానియేలు కట్టిందనీ, అతను వాయించినదాన్ని నేనే తీసేశాననీ రాశాను. కొందరు తిట్టారు. న్యాయమే.

ఆ వేసవిలో ట్యూనర్ ముల్లు ఎందుకు కిందికి జారిందో నాకు తెలియదు. నిజం చెప్పిన రోజునే నాకు వినిపించడం ఎందుకు ఆగిపోయిందో అంతకంటే తెలియదు. అది క్షమాపణో, శిక్షో, నా బుర్రలో పుట్టిందో తేల్చే పరికరం నా దగ్గర లేదు. ఆదివారాలు ఇప్పటికీ వెళ్తున్నాను. అత్త పాట పెడుతుంది. అడగడం మానేసింది. ఆమె ఏదో వింటూ తల ఊపుతుంది. పక్కన కూర్చున్న నాకు నా గిటారే వినిపిస్తుంది.